దూరం నుంచి గుర్తుపట్టగలిగే గుర్తు

గడియారం సెంటర్లో జిరాక్సు షాపు మీది గదిలో
మా లా కాలేజీ సాయంత్రం క్లాసు.
పదకొండు మంది. ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక కండక్టరు,
మిగతా వాళ్లు ఇంకా ఏమీ కానివాళ్లు.
'యుద్ధఖైదీ ఎవరు?' అని బోర్డు మీద రాశాను.
సైన్యంలో లేని వాడు పోరాడితే
వాడి మీద బాధ్యత గల నాయకుడుండాలి,
దూరం నుంచి గుర్తుపట్టగలిగే గుర్తుండాలి,
ఆయుధం బాహాటంగా పట్టుకోవాలి,
యుద్ధానికున్న నియమాలు పాటించాలి.
సుద్దముక్క అక్కడ విరిగింది.

రాత్రి అమ్మమ్మ చింతపండు గింజలు తీస్తుంటే
అదే చదివి వినిపించాను.
ఈదమ్మకు ఎనభై తొమ్మిది. చూపు వేళ్లలోనే మిగిలింది.

'గుర్తా?' అన్నది.
'గుర్తుంటే మా అన్న పది రోజులు సుత బతకకపోవు.
పగలు గొర్ల కాడ, రాత్రి దళంల.
రెండు తావుల్ల ఒక్కటే గొంగడి.
గొంగడి కింద భర్మారు.'

నాయకుడో?
'ఉండె. మూడు నెల్లకోపాలి పేరు మారుతుండె.'

'బాహాటంగ పట్టుకోవాల్నంటనా?
తూటాలు నేను సజ్జల గంపల మోసిన.
నాకాకాడ జవాను చెయ్యి పెట్టి చూసిండు,
సజ్జలు మంచిగున్నయని
రెండు దోసిళ్లు తీస్కపోయిండు.'
నవ్వింది. నేనూ నవ్వాను.

బీరయ్య తాత రికార్డు నేను చూశాను.
దేవరకొండ అవతల, అడవి అంచున,
'పేరు తెలియని బందిపోటు, ఎదురుకాల్పులలో హతుడు.'
ఒక వాక్యం, దాని మీద ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చిన ముద్ర.
'చేతులు ఎనకకు కట్టేసి ఉండె,' అంటుంది అమ్మమ్మ.
'ముడి నేనే ఇప్పిన. తడిసిన తాడు, పండ్లతోని ఇప్పిన.'

అది నలభై తొమ్మిది, కార్తీకం.
ఆ ఆగస్టులోనే జెనీవాలో దేశాలు కూర్చుని
ఈ నియమాలకు సంతకాలు పెట్టాయి.
వాటిలో మూడో అధికరణ ఒకటుంది, అమ్మమ్మా, అన్నాను.
ఏ మాటలోనూ ఇమడని వాడి కోసం.
అందరూ తిన్నాక ఆఖరున వచ్చినోడికి
కుండ అడుగున గీకి పెట్టే మాడు లాంటిది.
సైనికుడివా, గొర్లకాపరివా, దొంగవా అని అడగదు.
ఆయుధం కింద పెట్టాడా, చేతులెత్తాడా, గాయపడ్డాడా,
ఇక వాణ్ణి కోర్టు లేకుండా చంపరాదు.
చదువుతుంటే నా గొంతులో కొంచెం గర్వం,
తాతకు ఆలస్యంగానైనా ఏదో తెచ్చినట్టు.

ఆమె వేళ్లు ఆగాయి.
'చేతులెత్తినోడు ఎవ్వడైననా?'
ఎవడైనా.
'రజాకారోడైననా?'

బయట ఎవరో బండి స్టాండు వేశారు.

దూదేకుల ఖాసీం అన్నది. ఆ పేరు మా ఇంట్లో
ఇంతవరకు ఎవరూ అనగా వినలేదు.
'మనూరోడే. మా బొంతకు దూది ఏకినోడు.
ఖాకీ తొడిగి నాలుగు నెల్లు. మీసం గూడ సక్కగ రాలే.
వాగుల దొరికిండు, ఎండకాలం.
వానికి నువ్వు చెప్పిన గుర్తుండె బిడ్డా.
గా ఖాకీ చూసే, గట్టు మీదికెళ్లి గుర్తుపట్టినం.
చేతులెత్తిండు. ఈదమ్మా, నీళ్లు, అన్నడు.
నా పేరు వానికి ఎరికె.
చెలిమెల ముంచుకోని నేను మర్రి వచ్చేవరకు...
మా అన్న భర్మారు బాహాటంగనే పట్టుకున్నడు
ఆ ఒక్కనాడు.'

ఖాసీంకు ఏ ఆఫీసులోనూ ఒక్క వాక్యం లేదు.
వాడి తాడు ముడి ఇప్పిందెవరో,
అసలు తాడుందో లేదో నేను అడగలేదు.
అడగాల్సిందేదో తెలియక,
చెంబేం చేసినవ్? అన్నాను.

మళ్లీ చింతపండు అందుకుంది.
'గొర్లకు పోసిన,' అన్నది. 'ఎండలు గద.'