నేను తీసిన గొయ్యి

రోటర్‌డామ్‌లో వాన కబురు చేసి రాదు.
సెల్లార్ మెట్లు దిగి, పరుపుల్ని లేపి,
అల్మరా తలుపులు తనే తీసుకుంటుంది.
బస్తియాన్ ముసలాయన అకార్డియన్
మూడుసార్లు తేలింది.
నాలుగోసారి గొంతు పోయింది.

సముద్రం కంటే కిందున్న పేట ఇది.
తరతరాలుగా కట్టలు పోసి పోసి
చేతులు కాయలు కాచిన జనం.
ఇప్పుడెవరో మొదటిసారి
"ఇంకాస్త కిందికి తవ్వు" అన్నారు.
తవ్వేవాణ్ణి నేను.
పదకొండేళ్ళుగా ఎక్స్‌కవేటర్ సీటే నా కుర్చీ.

పార్కంటే ఏముంది అక్కడ?
సిమెంటు పలకలు, రెండు బెంచీలు,
ఒకదానికి వీపు లేదు.
పెద్దవాళ్ళు ఇనపగుండ్లు విసిరే ఇసక చదును.
అది బస్తియాన్‌ది.
కాగితాల్లో కాదు, కూచున్న ఏళ్ళలో.

మర్లూస్ నగరపాలిక నుంచి మ్యాపుతో వచ్చింది.
బంతాట మైదానం ఐదడుగుల లోతున,
చుట్టూ మెట్లు:
ఎండనాడు మనుషులకి, వాననాడు నీళ్ళకి.
కప్పుల మీది వానంతా ఇందులోకే.
"ఒకటిన్నర రోజు పట్టి ఉంచి
మెల్లగా వదుల్తుంది" అంది.
"నా ఇసక మీదనా?"
బస్తియాన్ జేబులోంచి గుండు తీసి బల్ల మీద పెట్టాడు.
చాలాసేపు ఆ చప్పుడే సమావేశం.

ఆమె వాదించలేదు.
ఒక సుద్దముక్క ఇచ్చింది.
నీళ్ళెక్కడిదాకా వస్తాయో మీరే గియ్యండి, అంది.

ఆ సాయంత్రం వీధంతా ఆయన వెనకే.
ఇక్కడ చీలమండ. ఇక్కడ మోకాలు.
ఇక్కడ మా గీర్త్యె కుట్టుమిషను పెడలు.
ఆ గుమ్మం దగ్గర కాసేపు ఏమీ గియ్యలేదు.
నీరు పల్లమెరుగు.
ఆ పల్లాన్ని ఎరిగినవాడు ఈయన.
మర్నాటికి మ్యాపులో గొయ్యి
పన్నెండు అడుగులు తూర్పుకి జరిగింది.
ఇసక చదును గట్టు మీదికెక్కింది.

తవ్వుతుంటే రెండో వారంలో
బకెట్ పళ్ళకి కొయ్య తగిలింది.
నల్లటి గుంజలు, వరసగా.
ఎప్పుడో పూడ్చేసిన కాలువ ఒడ్డు.
ఇంజన్ ఆపేశాను.
ఇన్నేళ్ళూ నీళ్ళు దారి తప్పి రాలేదు,
పాత చిరునామాకే వస్తున్నాయి.

మా నాన్న కేప్ వెర్దీ కొండల్లో
కరువు కూలికి రాళ్ళు మోసేవాడు.
ఎండిన వాగుకి అడ్డంగా, చినుకన్నది లేని ఏట,
రాబోయే వాన కోసం గోడ.
"నీళ్ళతో పోట్లాడకురా అదెరీతు,
కూర్చోబెట్టాలి" అనేవాడు.
అక్కడ రాని అతిథికి పీట వేశాం.
ఇక్కడ పిలవకుండా వచ్చేవాడికి.
పీట మాత్రం ఒకటే.

ఆగస్టులో, మంగళవారం మధ్యాహ్నం,
ఆకాశం ఒక్కసారిగా చేతులెత్తేసింది.
ఒకరికి తీసిన గోతిలో తామే పడతారంటారు.
నేను తీసిన గోతిలో వాన పడింది.
ముందు మూలలు. తర్వాత మధ్య గీత.
మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతూ
నాలుగో మెట్టు మీద కూచుంది.
గోల్‌కీపర్ దున్యా గొడుగు కింద నిలబడి
తేలుతున్న బంతిని తిట్టిపోస్తోంది.

బస్తియాన్ సెల్లార్‌లోకి అయినా వచ్చాయి,
వేలెడు లోతు.
ఆయన ఫోన్ చేసి మరీ చెప్పాడు, మర్లూస్‌కీ నాకూ.
గొంతులో కోపమో గర్వమో తేల్చుకోలేకపోయాను.

గురువారం నీళ్ళు దిగాక
మైదానమంతా పలచటి ఒండ్రు.
గోల్‌పోస్టుకి మోకాలెత్తున ఒక చార.
పిల్లలు చీపుళ్ళు పట్టుకున్నారు, సగం పని, సగం కొట్లాట.
దోమలొస్తాయని అప్పుడే ఒకావిడ అర్జీ రాస్తోంది.

గట్టు మీద ఆయన వంగి,
ఆ చార పక్కన ఉండాల్సిన తేదీని
సుద్దతో తన బెంచీ మీద రాసుకున్నాడు.
గుండు తుడుచుకుని,
"నీ వంతు" అన్నాడు నాతో.

విసిరాను.
తడి ఇసకలో అది దొర్లలేదు,
పడినచోటే
చిన్న గొయ్యి తీసుకుని
ఆగింది.