రెండు మూరలు, మర్రిగూడ బస్సుల

పొద్దుగాల ఆరుంబావుకు
దేవరకొండ బస్టాండుల
ఈదమ్మ గంప ముందట చలికి ముడుసుకొని కూసుంటది.
పట్నం నుంచి వచ్చిన పూలు ఇంక నిద్రల్నే ఉంటయి.
తడి గోనె ఇప్పంగనే
డీజిలు వాసన కొంచెం ఎనకకు జరుగుతది.

ఆమె మూర పొట్టిది.
కొనేటోళ్లు రోజూ కొట్లాడతరు,
"నీ చెయ్యితోని కాదు, నా చెయ్యితోని కొలువు" అని.
బేస్తారం ఒక్కనాడు మాత్రం
మోచెయ్యి దాటి ఇంకో జానెడు ఇడిసిపెట్టి తెంపుతది.
ఆ రెండు మూరలు ఎవరికో నాకెరుకే.

మోదుగాకుల చుట్టి, అరటినారతోని కట్టి
నా చేతుల పెడతది:
"ఎర్రగుట్ట స్టేజీ. జంగమ్మకు."
ఇంజను మీద పెడితే ఉడికిపోతయి.
డ్రైవర్ జానిమియా తన తువ్వాల తడిపి, పొట్లానికి కప్పి,
అద్దం పక్కన కొక్కేనికి తగిలిస్తడు.
మూల మలిగినప్పుడల్లా అది ఊగుతది.
ఎనక సీట్ల ముసలాయన కండ్లు మూసుకొనే
"మల్లెలా, సన్నజాజులా?" అని అడుగుతడు.

నా మిషన్ల పిల్లలకు టికెట్టుంది,
కోడికి ఉంది, మేకపిల్లకు ఉంది,
పూలకు లేదు.
ఒకపాలి చింతపల్లి కాడ చెకింగోళ్లు ఎక్కిన్రు.
"ఈ లగేజీ ఎవరిది?"
బస్సు బస్సంత కిటికీలకెల్లి బయటకు చూసింది.
ఆ సారు పొట్లం ముక్కు కాడికి తెచ్చుకున్నడు.
ఏం యాదికొచ్చిందో,
పెన్ను జేబుల పెట్టుకొని దిగిపోయిండు.

పంపేటాయన ఊశయ్య.
బస్టాండు గోడకు ఆనుకొని
స్టవ్వులు, గొడుగులు బాగుచేస్తడు.
మోకాళ్లు రెండు విల్లు లెక్క వంగినయి,
బస్సు మెట్టు ఆయనకు గుట్ట.
"రా తాత, ఇద్దరం పట్టుకొని ఎక్కిస్తం" అంటే
చెయ్యి ఊపుతడు:
"నేనొస్తే ఏమున్నది. పూలు వాడిపోతయి, నువ్వు నడువు."

ఎర్రగుట్ట స్టేజీల
సగం ఇరిగిన సిమెంటు బల్ల మీద జంగమ్మ.
కోడలో, పక్కింటి పిల్లనో
కొప్పు మాత్రం ఏసి పంపిస్తది.
పొట్లం ఇస్తే పట్టుకుంటది, అంతే.
మోచేతులు తెరుసుకోవు. మెడ మలగది.
"నా మూర ఇప్పుడు బెత్తెడే బిడ్డా" అనుకుంట
మనిషి మనిషే తిరిగి
నాకు కొప్పు సూపెడతది.

మిషను ఎనకకు ఏసుకొని
ఫుట్‌బోర్డు మీద నిలవడి
పండ్లనడుమ పిన్ను పట్టుకొని
ఆ నెరిసిన కొప్పుకు పూలు చుడత.
బడికి ఆలస్యమయ్యే సారు గడియారం చూసుకుంటడు, ఏమనడు.
తండా పిల్లగాడు సెల్లుల పాట బంద్ జేస్తడు.
జానిమియా చెయ్యి హారన్ మీదికి పోదు.

ఒకనాడు అడిగిన, "ఎవరమ్మా ఆయన నీకు?" అని.
ఆమె బస్సు టైర్ల దిక్కు చూసింది.
"ఒక్క బోరింగు నీళ్లు తాగినోళ్లం.
నేను కొడుతుంటి, ఆయన బిందె పడుతుండె.
ఎంత సల్లగుండె బిడ్డా ఆ నీళ్లు."

ఆ బోరింగు ఇప్పుడూ ఉంది, స్టేజీకి అవతల.
తాగొద్దని ఎర్రరంగు ఏసి పదహారేండ్లు.
రంగు కూడ పెచ్చులూడింది.

వానలు ఎనకబట్టినంక
వచ్చేటప్పుడు నా సంచి బరువైతది.
సీతాఫలాలు, పన్నెండు.
"కండ్లు తెరిసినయి చూసి తెంపిచ్చిన.
ఇయ్యాల తిననియ్యకు.
రెండొద్దులు బియ్యంల పెట్టమను."

ఊశయ్యకు బియ్యం డబ్బా లేదు.
రెండు పూటలు బస్టాండు హోటల్నే.
ఆ మాట నేను జంగమ్మకు చెప్పలే.
చినిగిన గొడుగు బట్టల నడుమ
పండ్లను పండబెట్టుకొని
స్టవ్వు పిన్ను ఊదుకుంట, నడుమ నడుమ
ఒక్కొక్కదాన్ని బొటనవేలితోని ఒత్తి చూస్తుంటడు,
నొప్పైతదేమో అన్నట్టు.