సగం మెలి

ఆటోనగర్‌లో నా లేత్ షెడ్డు.
పగలంతా పంపు షాఫ్టులు, బుష్షులు.
రాత్రి ఏడు దాటాక
పాత బొంతలో చుట్టిన విల్లుతో
యోగిత స్కూటీ దిగుతుంది.

నేనింతవరకూ ఒక్క బాణం వెయ్యలేదు.
విల్లు నొక్కే ప్రెస్సు మాత్రం నా చేతిదే.
డొక్కు జీపు జాకీ స్క్రూ,
విల్లు గీసుకోకుండా అంచులకి సైకిలు ట్యూబు.

పురాణాల్లో విల్లుకి నారి ఒకటే.
దీనికి మూడు తాళ్ళు:
నారి ఒకటి, కేబుళ్ళు రెండు,
కొసల్లో కోడిగుడ్డులా తిరిగే చక్రాలు.
అక్కడ వీరుడు ఉత్తి నారి మోగిస్తే
దిక్కులు దద్దరిల్లాయట.
ఇక్కడ బాణం లేకుండా వదిలితే
పగిలేది విల్లే.
షెడ్డుకొచ్చే కుర్రాళ్ళకి ముందే చెబుతాను
ముట్టుకోండి, లాగొద్దు.

గాజువాక గాలికి
కొత్త బోల్టు వారంలో ఎర్రబడుతుంది.
పోగు తుప్పు పట్టదు గాని
మైనం మీద వాలిన దుమ్ము
లోపలికి దిగి, రోజుకింత కొరుకుతుంది.
పాత మైనం దారపు ఉచ్చుతో గీరి తియ్యాలి.
కొత్తది బొటనవేలు కాలేదాకా రుద్దాలి,
లేకపోతే పైపైనే ఉండిపోతుంది, చుట్టపుచూపులా.

జట్టు ఎంపికలకి పన్నెండు రోజులుందనగా
కింది చక్రం దగ్గర నూగు కనపడింది.
ఇరవై నాలుగు పోగుల్లో ఒకటి తెగింది.
"ఇంకా ఇరవై మూడున్నాయిగా మావయ్యా?"
లేవమ్మా, అన్నాను.

విప్పే ముందు ఫోటోలు తీయించాను,
ఏ తాడు దేని మీదుగా, ఏ మేకుకి ఏ కన్ను.
ఓసారి జ్ఞాపకాన్ని నమ్మి తిరగేసి బిగించాను.
ఆ ఖర్చు సంగతి అడక్కండి.

జాకీ తిప్పుతుంటే విల్లు వంగింది.
అంతవరకూ ఖంగుమన్న తాళ్ళు
వడిలిన పొట్లపాదులా వేలాడాయి.
కొత్తవి ఎక్కించాం.
పై చక్రం ముందొస్తోంది,
కిందిది వెంట్రుకవాసి వెనక.
కేబులు కన్ను తీసి సగం మెలి.
బిగించు, చూడు.
ఇంకో సగం.
పదకొండైంది. యోగిత బల్ల మీదే కునికింది.

ఇక బాణం తగిలించే చోట నారికి దారం చుట్టాలి.
నాది బోల్టు మర తెలిసిన చెయ్యి,
దానంతటదే కుడికి పోతుంది.
బిగువుగా చుట్టాననుకున్నాను.
యాభై బాణాలకే వదులైంది.

మర్నాడు స్కూటీ వెనక వాళ్ళ నాయనమ్మ ఎర్రమ్మ.
ఫిషింగ్ హార్బర్లో నలభై ఏళ్ళు వలలు బాగుచేసిన మనిషి.
విల్లు ఒళ్ళో పెట్టుకుని,
వేలి కొసతో నారి తడిమి,
"ఏటి బాబూ, తాడు ఎటు పేనితే అటే సుట్టాల గదా?
ఎదురు సుట్టినావు.
ఒదిలినప్పుడల్లా ఇప్పుకుంటాది."
గోటితో నా చుట్లన్నీ ఊడబెరికింది.
దారం అడిగింది.
చుట్టు పక్కన చుట్టు, సందు లేదు.
నోట్లోంచి అడ్డపొగ తీసి
మిగిలిన కొస ఆ నిప్పుకి చూపించింది.
ముడి పూసలా కరిగి కూచుంది.

"దీంతో ఏటి కొడతారే?"
"యాభై మీటర్ల దూరంలో కాయితం, నానమ్మా."
"కాయితమా!"
చుట్ట మళ్ళీ నోట్లో పెట్టేసుకుంది.

పొద్దున్నే ఫోను:
"మావయ్యా, నారిలో పీపు పక్కకి తిరిగిపోయింది,
కంటికి ఆనట్లేదు."
తిరుగుతుంది. తాడింకా కొత్తది, సాగుతోంది.
రెండొందలు వేసి తీసుకురా,
అప్పుడు చూద్దాం.

మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక
లేత్ మీద ఎడమ మర బోల్టొకటి కోశాను.
ఎవరి ఆర్డరూ కాదు.