ఒకపక్కే పొంగిన రొట్టె

మొదట కనిపెట్టింది డాక్టర్లు కాదు,
కోడుమూరులో యూనిఫాం కుట్టే మస్తాన్ వలి.
"కుడి భుజానికి అర్ధంగుళం ఎక్కువొస్తోంది పాపా,
తప్పు టేపుదా, నీదా?" అన్నాడట.

ఇప్పుడు కర్నూలు పెద్దాసుపత్రిలో
నా ముందు బల్ల మీద సుంకులమ్మ.
పద్నాలుగేళ్లు.
ఎక్స్‌రేలో వెన్ను నలభై రెండు డిగ్రీలు వంగి ఉంది.
ఎముకల సంగతి ఆ ఫిల్ము చెబుతుంది,
ఊపిరి సంగతి చెప్పదు.
అందుకే నా దగ్గరికి పంపారు.

జెల్ తగలగానే ఉలిక్కిపడింది.
బయట మే నెల ఎండ, నలభై మూడు.
చల్లదనానికి కూడా భయపడాల్సొచ్చింది పాపం.

ఎనిమిదో పక్కటెముకకీ తొమ్మిదో దానికీ నడుమ
ప్రోబు ఆనించి వెతుకుతాను.
రెండు తెల్లగీతలు, మధ్య నల్లటి సన్నపోగు.
"ఉదరవితానం" అంది తనే,
"సైన్సులో రెండు మార్కుల ప్రశ్న."
రెండు మార్కులే!
పుట్టినప్పట్నుంచీ ఒక్కపూట సెలవడగని కండ అది.

పీల్చు. పట్టు. వదులు.
కుడివైపు ఒకటిన్నర మిల్లీమీటర్ల పోగు
పీలిస్తే రెండున్నర దాకా లావెక్కింది.
ఎడమవైపు
గ్యాసు నీడల్లో చాలాసేపు దొరకలేదు.
దొరికాక, ఎంత పీల్చినా
కదిలీ కదలనట్టు.

తలుపు దగ్గరే నిలబడ్డ ఉరుకుందమ్మ
"బిందె ఎడమ చంకన మోసినందుకా మేడమ్?" అనడిగింది.
కాదన్నాను.
"మరెందుకు?"
ఎవరికీ తెలీదన్నాను.
ఈ గదిలో ఆ మాట
ఎన్నిసార్లన్నా నోటికి అలవాటు కాదు.

స్క్రీను ఆమె వైపు తిప్పాను.
కళ్లు చికిలించి చూసి చూసి
"ఇది రొట్టె గదా" అంది.
"పెనం మీద జొన్నరొట్టె.
ఒకపక్కే పొంగిండాది."

నవ్వబోయి ఆగాను.
పొంగిన పక్కను గుడ్డతో మెల్లగా అదిమితే
ఆవిరి రెండో పక్కకి పోతుందని
పొయ్యి ముందు పెరిగిన నాకు తెలియదా?

అడక్కుండానే దగ్గరికొచ్చింది.
రొట్టెలు తట్టి తట్టి గట్టిపడ్డ అరచెయ్యి
కుడివైపు ఎత్తు మీద ఆనించి,
రెండోది ఎడమ పక్కన, నా ప్రోబును ఆనుకుని,
ఊరికే పెట్టి
"ఈడికి తీస్కో అమ్మీ గాలి. ఈడికి."

నేను పీల్చమనలేదు.
నల్లపోగు వెంట్రుకవాసి లావైంది,
లేదా అయినట్టు నాకనిపించింది.
కొలుద్దామంటే
ఫ్రీజ్ నొక్కడం మరిచిపోయాను.

రిపోర్టులో పాత అంకెలే వేశాను.
కింద ఫిజియోథెరపీ అని రాసి,
ఆగి, ఇంకో వాక్యం:
తల్లిని కూడా లోపలికి రానివ్వండి.