పంటి సందు

నా ముందరి పళ్ల మధ్య ఒక సందుండాది.
ఆడినుంచి నేను ఈల కొడితే
హంద్రి అవతలి గట్టుమీద గొర్రెలు తలెత్తుతాయి.
ఊర్లో మద్దిలేట్లు ఏడుగురు;
ఈల మద్దిలేటి అంటే నేనే.
శానా యేండ్లు నాకుండిన ఆస్తి అదొక్కటే.

ఆ యేడు తేరుకు రాతిదూలం పోటీ.
ఏటికి ఇవతల మావోళ్లు, అవతల వాళ్లు.
మధ్యలో నీళ్లు లేవు, వట్టి ఇసక.
ఆ ఇసక మీదనే మూడు కేసులు నడ్సినాయి కోర్టులో.

పోటీకి ముందురోజు నేను కర్నూలు యార్డులో ఉంటి.
అరవై మూడు మూటల ఉల్లిగడ్డ.
యాపారి ఒక గడ్డను బొటనేలుతో నొక్కి
నా మొగం చూడకుండా పక్క కుప్పకు పాయె.
రాత్రంతా మూటల మీదే పండుకొంటి.
తెల్లారి గుమాస్తా వచ్చి
"ఎత్తుకపో, లేకుంటే ఆవులకెయ్యి" అనె.
పేరు కూడా అడగలే.
లారీ బాడుగ బాకీ పెట్టి మూటలతోనే ఇల్లు చేరితే
బిడ్డ అడిగె,
"నాయినా, మన గడ్డలు వాళ్లకు నచ్చల్యా?"
చొక్కా మార్చుకొని పోటీకి పోతి.

అవతలోళ్ల జత దిగె.
ఉరుకుందప్ప గిత్తలు, పాలమీగడ రంగు,
కొమ్ములకు పసుపు, మెడలో ఇత్తడి గజ్జెలు.
మైకులో అడుగులు లెక్కపెడతాండ్రు.
రెండువేల అడుగులు దాటినాక
ఎడమపక్క గిత్త మోకాలు మడతపడె.
దూలం ఆగె. గజ్జెలు ఆగె.
ఒక్క గడియ ఎవురూ ఊపిరి తియ్యలే.

అప్పుడు కొడ్తి ఈల.

ఎంత సేపో నాకే తెల్దు.
మావోళ్లు నన్ను బుజాలకెత్తుకొనిరి.
ఆ ఎత్తునుంచి చూస్తే
యార్డు కనపల్లే, గుమాస్తా కనపల్లే,
మట్టిలో మూతి పెట్టిన గిత్త ఒక్కటే కనపడె.
దాన్ని చూసేకొద్దీ నేను పొడుగయితాంటి.

మా ఊరి జత కౌలుట్లయ్యది.
మూడేండ్లు వరసగా గెలిచినోడు.
గెలుపు కాళ్లకాడికే వచ్చిపడినా నవ్వల్యా.
తాడు దాటుకొని ఉరికి,
తలగుడ్డ ఇప్పి గిత్త మోకాలికి చుట్టి,
ఉరుకుందప్పతో ఏందో గొణిగె.
ఆయప్పకేమప్పా, కడుపు నిండినోడు, అనుకుంటి.
ఏ కడుపో అప్పుడు ఆలోచన చెయ్యలే.

ఆ రాత్రి ఇంటికొస్తే
మూటలు వాకిట్లోనే ఉండె, వాసన మొదలయ్యె.
బుజాల మీదినుంచి దిగినాక
నేను ఎప్పటంత పొడుగే.
కొంచెం తక్కువేనేమో.

తర్వాత సేద్యం యిడ్సి కోడుమూరులో
మోటారు వైండింగ్ నేర్చుకుంటి.
రాగితీగ చుట్టడం ఈల కొట్టినట్టు కాదు,
ఒక్క చుట్టు తప్పినా పొగొస్తాది.
మూడో యేడుకు అవతలోళ్లు కూడా
కాలిన మోటార్లు బండ్లకు కట్టుకొని ఇసకలో దిగొచ్చిరి.
"మద్దిలేటన్నా" అనిరి.
ముందర ఈల లేకుండా.

మళ్లా తేరు. మళ్లా దూలం.
వాళ్ల మోకు తెగి జత పక్కకు తిరుక్కొనె.
మావోళ్లు మోచేత్తో పొడిచిరి, "కొట్టురా!"
ఏళ్లు నోట్లో పెట్టుకుంటి.
గాలి వచ్చె. వట్టి గాలి.
"పొగరు పట్టిందిరా నీకు" అనె మా బావ.

మారిపోయినా అని చెప్పుకునేకి కాదు ఇదంతా.

మొన్న నేను చుట్టిన మోటారు రెండోనాడే కాలె.
ఆ రైతు అంగడి ముందర, నలుగుర్లో,
"ఉల్లిగడ్డలే చేతకాల్యా నీకు, ఇదొకటా" అనె.
ఆ పొద్దు మాపుకే కబురు:
అవతల వడగండ్లు, టమేటా తోటలన్నీ నేలకు.
అయ్యో అంటి, అందరితోపాటు.
ఇంటికొచ్చి లైటు ఆర్పి పండుకొంటే
చీకట్లో నాలుక
దానంతట అదే
పంటి సందు వెతుక్కుంటాంది.