ఒక క్యాజువల్ లీవు

కారణం అన్న గడిలో "స్వంత పని" అని రాశాను.

ఇరవై ఆరేళ్ళుగా పోర్టులో
ఓడలకి వంతులు వేసే ఉద్యోగం.
ఏ ఓడ ఎన్ని మీటర్లు మునుగుతుందో
నిద్రలో లేపి అడిగినా చెబుతాను.
నేను మాత్రం మోకాలి దాకానే,
అదీ కార్తీకంలో, కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని.

మంగమారిపేటలో పొద్దున్న ఏడు.
మాఘమాసపు నీళ్ళు
పైన తేరుకున్న చారులా ఉన్నాయి.
ఎల్లాజీ అనే కుర్రాడు
కళ్ళకి పెట్టుకునే అద్దం చేతికిచ్చి
"ఉమ్మండమ్మా" అన్నాడు.
"ఎక్కడ?"
"అద్దంలోనేనండి. లేపోతే ఆవిరి పట్టేస్తాది."
యాభై రెండేళ్ళ వయసులో
కన్నకొడుకు ఈడువాడి ఎదుట నిలబడి ఉమ్మాను,
వేలితో రుద్దాను, కడిగాను.
సిగ్గు అక్కడితో సగం తీరింది.
మిగతా సగం
ఆ బిగుతు నల్లబట్టల్లోకి దూరేటప్పుడు.

గొట్టం నోట్లో పెట్టుకుంటే పాత సైకిల్ ట్యూబు రుచి.
"ముక్కుని మర్సిపోండి. నోటితోటే పీల్సండి.
తొందరేటీ లేదు, సముద్రం ఎక్కడికీ పోదు."
తొందర లేదన్న మాట
నాతో ఎవరైనా అని ఎన్నాళ్ళయిందో
లెక్కేసుకుంటూ ముఖం ముంచాను.

ముంచి, లేచిపోయాను.
మళ్ళీ ముంచి, ఉప్పునీళ్ళు మింగి, దగ్గి,
డబ్బులు పోతే పోయాయని ఒడ్డు వైపు చూశాను.
మూడోసారి ఎందుకు ముంచానో తెలీదు.

మొదట కనిపించింది చేప కాదు,
నా చేతులు.
పచ్చటి వెలుగులో, ఎవరివో అన్నట్టు.
మణికట్టు మీంచి గాజులు రెండూ లేచి
బరువు మరిచిపోయి ఊగుతున్నాయి.
తర్వాత వినిపించింది.
రాళ్ళ కింద ఎక్కడో ఆవాలు చిటపటలాడుతున్నాయి.
ఒట్టు. మూకుడు నిండా పోపు పడ్డట్టే.
పైకొచ్చి అడిగితే
"రొయ్యలండి, కొండితో సిటికలేస్తాయి" అన్నాడు.
ఈ నీళ్ళ అడుగున కూడా
ఎవరో వంటింట్లోనే ఉన్నారన్నమాట!

చారల చేపలు నాలుగు
నన్ను పట్టించుకోకుండా రాతి పాచి కొరుక్కుంటున్నాయి.
వెండిలా మెరిసిన అయిదోది గుట్కా పొట్లం.
అసలైనదొకటి అద్దం ముందుకొచ్చి ఆగింది.
దాని నోరు తెరిచి మూసే వేగమూ
నా ఊపిరి వేగమూ ఒకటయ్యేదాకా ఉండి
విసుగొచ్చినట్టు వెళ్ళిపోయింది.

అప్పుడు, చాలా దూరం నుంచి,
చెవులతో కాదు, పొట్టతో విన్నాను
ఒక ఇంజను మూలుగు.
బయటి లంగరులో నాలుగు రోజులుగా ఆగిన బొగ్గు ఓడ కావచ్చు.
దాన్ని ఆపింది నా పెన్నే.
కాగితం మీద అదొక వరస సంఖ్య.
ఇక్కడ, కుడితి కోసం
దొడ్లో అరుస్తున్న గేదె.
వస్తుందిలే నీ వంతు, అన్నాను.
గొట్టంలో ఏదో గరగరమంది.

మధ్యాహ్నం సరుగుడు నీడలో తువ్వాలు పరుచుకున్నాను.
ఉప్పు ఆరి మోచేతుల మీంచి ముగ్గుపిండిలా రాలుతోంది.
నిమ్మకాయ గట్టిగా పిండించుకున్న మురీ మిక్చరు.
ఎల్లాజీ వాళ్ళ నాన్న ఈ రాళ్ళ దగ్గరే
అద్దం లేకుండా, గొట్టం లేకుండా
కళ్ళు తెరుచుకుని మునిగి ఆల్చిప్పలు కోసేవాడట.
"ఇప్పుడు సూపిత్తే డబ్బులిత్తన్నారండి.
అప్పుడు తీసి తెచ్చినా ఇచ్చీవోరు కాదు."
అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.
పొట్లం అతని వైపు జరిపాను.

తర్వాత నిద్ర.
పట్టపగలు, ఆరుబయట,
చెప్పులు ఎవరెత్తుకుపోతారోనన్న బెంగైనా లేకుండా.

భీమిలి బస్సులో నిలబడే వచ్చాను.
"ఏముంది లోపల?" అని ఈయన అడిగితే
"పోపు" అన్నాను.
నా వైపోసారి చూసి, టీవీ వైపు తిరిగారు.

అర్ధరాత్రి పక్కకి ఒత్తిగిల్లితే
కుడి చెవిలోంచి వెచ్చగా ఒక చుక్క
దిండు మీదికి జారింది.
వేలితో అద్ది నాలిక మీద పెట్టుకున్నాను.
దీపం వెయ్యలేదు.