కుట్టుమిషను బల్ల మీద స్టీరింగు

కాలువకి ఆ గట్టున పిట్టగోడ లేదు.
గుర్రపుడెక్క అల్లుకుని
నీళ్ళు నీళ్ళలా కనిపించవు,
ఎవరో పచ్చ దుప్పటి పరిచి
రా, పడుకో అన్నట్టుంటుంది.

నేర్చుకోవడం మొదలెట్టిన నాలుగో రోజునే
ఎడమ చక్రం ఆ దుప్పటి అంచు తొక్కింది.
గుబ్బల ధనరాజు మాస్టారు బ్రేకు మీద నిలబడి
"చీర అంచు సూటిగా కుడతారు కదండీ,
రోడ్డంచు ఎందుకు కనబడదండీ" అన్నాడు.
ఆయ్, నిజమే.
కానీ చీర అంచు కింద
ఎనిమిదడుగుల నీళ్ళుండవు.

అప్పట్నుంచి వ్యాను షెడ్డులోనే ఉంది.
బడి యూనిఫారాలు వేసుకెళ్ళడానికని
అప్పు చేసి కొన్నది.
వెనక సీట్లో కోడి పొదుగుతోంది.
వాయిదా మాత్రం నెలనెలా నడుస్తూనే ఉంది.

గుండీలు కుట్టే షకీలా చూసి చూసి
తమ్ముణ్ణి తీసుకొచ్చింది.
ఇర్ఫాన్‌కి మాటలు తక్కువ, వైర్లు ఎక్కువ.
పాత మిషను తల విప్పి పక్కన పెట్టి
బల్లకి స్టీరింగు బిగించాడు,
కింద మూడు పెడళ్ళు.
ఇంగ్లండు రోడ్డు పెట్టాడు,
అక్కడా మనలాగే ఎడమపక్కేనట.

ముప్పయ్యేళ్ళుగా తొక్కుతున్న కాలు నాది,
పెడలంటే దానికి బెరుకు లేదు.
క్లచ్చు మాత్రం జార్జెట్టు గుడ్డ,
ఎంత గట్టిగా పట్టుకుంటే అంత జారుతుంది.

రాత్రి షట్టరు సగం దించి
ఎప్పుడూ వాన కురిసే ఆ దేశంలోకి వెళ్ళేదాన్ని.
మొదటి వారం పదకొండుసార్లు చచ్చాను.
వంతెన మీంచి ఒకసారి,
గొర్రెలు లేని గొర్రెల దొడ్లోకి ఒకసారి.
ఏదో నది ఒడ్డున
కావాలనే మూడుసార్లు దూకించాను,
భయానికి అడుగెక్కడుందో చూద్దామని.
తెర నీలమయ్యేది, చెవుల్లో బుడగల చప్పుడు.
ఒక మీట నొక్కితే
మళ్ళీ రోడ్డు మీదుండేదాన్ని,
జుట్టు కూడా తడవకుండా.
"రాత్రి ఎక్కడ మునిగారక్కా?" అనేది షకీలా
పొద్దున్నే సూదిలో దారం ఎక్కిస్తూ.

ఒక రాత్రి రెండు గంటలు చావకుండా నడిపాను.
ఎవరికి చెప్పాలో తెలియక
షెడ్డులోకెళ్ళి బానెట్టు మీద చెయ్యేశాను.
చల్లగా, దుమ్ముగా ఉంది.
కోడి ఒక కన్ను తెరిచి మూసింది.

ఆ ఆటలో గేదెలు రావు.
రొయ్యల చెరువుల వాసన రాదు.
చక్రం గుంటలో దిగితే
కడుపు దానితోపాటు దిగదు.
ఈ తేడాలన్నీ ఒక మంగళవారం తెల్లారి తెలిశాయి.

జూన్ నెల, బడి తెరిచే వారం.
కోడిని గుడ్లతో సహా బుట్టలోకి మార్చి
నూటనలభై జతలు ఎక్కించాను.
లాకుల దాకా బానే ఉంది.
మలుపు తిరగ్గానే
అంబాజీపేట వెళ్ళే కొబ్బరికాయల లారీ,
గట్టు నిండా అదే.

చెయ్యి దానంతటదే మీట కోసం వెతికింది.
తగిలింది, డాష్‌బోర్డు మీద
తల ఊపే వేలెడు వినాయకుడు.
నొక్కాను. ఊపడం ఆపాడు, అంతే.

లారీ ఆయన ఇంజను ఆపి బీడీ వెలిగించాడు.
"కంగారు లేదమ్మా, కాయలు కుళ్ళిపోవు."
ఎడమ అద్దంలో గడ్డి గీత ఒకటి పట్టుకుని
వెనక్కి, అంగుళం, మరో అంగుళం,
గుడ్డ చిరక్కుండా కుట్టు విప్పినట్టు.
తూము దగ్గర రోడ్డు కాస్త వెడల్పు.
అక్కడికి నలభై గజాలు.
గజమంటే నాకు తెలుసు.

దాటుతూ లారీ తాడు కొస
నా అద్దాన్ని తట్టి వెళ్ళింది.
ఆయన చెయ్యెత్తాడు.
నాది స్టీరింగుకి అతుక్కుపోయి లేవలేదు.

బడిలో హెడ్మాస్టారమ్మ జతలు లెక్కపెట్టుకుని
టీ తాగి వెళ్ళమంది.
రెండు కప్పులు తాగాను.
మూడోది కూడా అడిగేదాన్నే.
వచ్చేటప్పుడు కాలువ ఎడమపక్క,
సీట్లోంచి కనబడని పక్క.
వెళ్ళేటప్పుడు కుడిపక్క,
నా మోచేతి కిందే.
ఆ రోడ్డు నేనింకా ఆడలేదు.